తడి ఆరని ఒర

వెల్డన్ స్టబుల్‌ఫీల్డ్‌కు ఒక విద్య ఉంది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే చాలు, బట్టల కింద ఏం దాచాడో చెప్పేస్తాడు. ఆదివారాలు చర్చి మెట్ల మీద నిలబడి, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ పక్కవాళ్ళ చెవిలో ఊదేవాడు. పత్తి మిల్లు యజమాని నడుం వెనక పిస్తోలు దోపుకున్నాడట, అందుకే బల్ల మీద ముళ్ళున్నట్టు కూర్చుంటాడట. దాణా కొట్టు ముసలావిడ చేతిసంచిలో ఒకటుందట, అందుకే ఆ వైపు భుజం వాలిపోయిందట. పాస్టరుగారి సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. దేవుడి మనిషి గుట్టు దేవుడికే వదిలేయాలని నవ్వేవాడు.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. నలభై ఏళ్ళుగా తోలు కోసి, తడిపి, కుట్టి బతుకుతున్నవాడికి, అందులోనూ తుపాకులకు ఒరలు చేసేవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? మొదట్లో జీనులు చేసేవాడు. గుర్రాలు తగ్గి పికప్ ట్రక్కులు పెరిగాక ఆ పని సన్నగిల్లింది. ఆ తర్వాత, లైసెన్సు తీసుకుంటే తుపాకీ బట్టల కింద పెట్టుకుని తిరగొచ్చని టెక్సస్‌లో చట్టం వచ్చింది. అంతకు ముందు వెల్డన్ ఊరు డ్రై ఫోర్క్‌లో జనం తిరగలేదని కాదు. అప్పుడు భయపడుతూ దాచుకునేవాళ్ళు, ఇప్పుడు జేబులో కార్డు పెట్టుకుని దాచుకుంటున్నారు. ఏదైతేనేం, వెల్డన్ చేతికి మళ్ళీ పని దొరికింది.

అంత కంటిచూపు ఉన్నవాడు చూడాల్సిన చోట చూడలేదు. అదే నా బాధ.

జూన్ నెల. బయట నిలబడితే పొయ్యి ముందు నిలబడినట్టుంది. ఆ మధ్యాహ్నం డోయిల్ ప్రూయిట్ దుకాణంలోకి వచ్చాడు. ఒక చేతిలో పాత తువ్వాల్లో చుట్టిన బరువైన వస్తువు, ఇంకో చేతి మీద గోధుమరంగు సూటు కోటు. డోయిల్ వెల్డన్‌కు ఒకప్పటి అల్లుడు. కూతురు ట్వైలా అతన్ని వదిలేసి రెండేళ్ళు దాటింది. అప్పట్లో డోయిల్ తాగేవాడు. తాగితే అనుమానం పట్టుకునేది. ఒకసారి డాన్సు హాలు బయట, ట్వైలాతో నవ్వుతూ మాట్లాడినవాడి ట్రక్కు అద్దం పానా పెట్టి పగలగొట్టాడు. ఇప్పుడు తాగుడు మానేశాడని, గాలిమరలు బాగుచేసుకుంటూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతుకుతున్నాడని ఊరంతా అంటోంది. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుందని వెల్డన్ కొట్టిపారేసేవాడు.

రాబోయే శనివారం ట్వైలాకు మళ్ళీ పెళ్ళి. పెళ్ళికొడుకు లానీ కల్‌పెపర్, ఊరికి ఉత్తరాన పశువుల రాంచి ఉన్నవాడు. అయిదారు నెలలుగా ట్వైలా అక్కడే ఉంటోంది, పెళ్ళి కూడా అక్కడే. లానీ టోపీ తీయకుండా వెల్డన్‌తో మాట్లాడడు. మాటకు ముందొక 'సర్', వెనకొక 'సర్'. ఆ రెండు 'సర్'లకే వెల్డన్ మంచులా కరిగిపోయాడు. కోరి తెచ్చుకుంటే ఇలాంటి అల్లుణ్ణి తెచ్చుకోవాలని కనపడినవాడికల్లా చెప్పాడు.

డోయిల్ తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాడు. వెల్డన్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. డోయిల్ తండ్రి బతికున్నన్నాళ్ళూ పాములకనీ, అడవిపందులకనీ నడుముకు వేలాడేసుకు తిరిగిన రివాల్వర్. మూరెడు పొడుగు, లావాటి తూటాల చక్రం, అరిగి నున్నబడ్డ చెక్క పిడి.

"దీనికి ఒర కావాలండీ. పైకి కనపడకూడదు" అన్నాడు డోయిల్.

"నీకేమన్నా మతిపోయిందా? ఇది దాచుకునే సరుకేనా? కోటు కింద దూడను పెట్టుకుని తిరిగినట్టుంటుంది. చిన్నదేదన్నా కొనుక్కో."

"ఇదే కావాలి. నా చేతికి అలవాటైంది ఇదొక్కటే. అవసరమొచ్చినప్పుడు గురి తప్పకూడదు."

ఎవరి మీద గురి అని వెల్డన్ అడగలేదు. అతని దుకాణంలో ఆ ప్రశ్న వేసే ఆచారం లేదు. వేరే ప్రశ్నలు చాలా ఉంటాయి. ఏ చెయ్యి వాటం, ఏ బట్టల కింద, కూర్చుని ఉంటావా నిలబడి ఉంటావా, కూర్చుంటే కుర్చీలోనా ట్రక్కులోనా, చుట్టూ జనం ఉంటారా. వీటికి జవాబులు రాకుండా కత్తి తోలు మీద పెట్టడు. దర్జీ నడుం కొలవకుండా ప్యాంటు కోస్తాడా?

ముందు ప్యాంటు లోపలికి దోపుకునే ఒర ఇచ్చాడు. డోయిల్ పెట్టుకుని కుర్చీలో కూర్చోబోయి, గొట్టం తొడలో గుచ్చుకుని మధ్యలోనే లేచాడు. తూటాల చక్రం దగ్గర బెల్టు బానకడుపులా ఉబ్బింది. తర్వాత నడుం పక్కన ఎత్తుగా కట్టే ఒర. కోటు వేసుకుంటే కుడివైపు రెక్కలా లేచింది, కళ్ళు లేనివాడికి కూడా తెలిసిపోతుంది. ఆ తర్వాత పొట్ట మీద అడ్డంగా పెట్టే ఒర. ట్రక్కు తోలేవాడికి అంతకంటే సుఖం లేదు గానీ కోటు బొత్తాం పెట్టడం కుదరదు. బొత్తాం పెట్టాల్సిందేనన్నాడు డోయిల్. దగ్గరగా జనం ఉంటారట.

చివరికి భుజానికి తగిలించుకునే పట్టీ మిగిలింది. ఎడమ చంకలో ఒర, కుడివైపు బరువు సరిచేసే తోలు పట్టీ. అందులోనూ తుపాకీని అడ్డంగా పడుకోబెట్టే రకం ఒకటుంది, ఇంత పొడుగు గొట్టానికి అది పనికిరాదు, కోటు వీపున కొమ్ములా పొడుచుకొస్తుంది. నిలువుగా, పిడి పైకి, గొట్టం నేలకేసి ఉండేది కావాలి. వెల్డన్ నమూనా ఒకటి తగిలించి, పైన కోటు వేయించి, అద్దం ముందు తిప్పి చూశాడు. ఏమీ కనపడలేదు. మనిషి కాస్త ఒళ్ళు చేసినట్టున్నాడు, అంతే.

"ఎప్పుడు కావాలి?"

"శనివారం పొద్దుటికి వేసుకోవాలండీ."

వెల్డన్ చేతిలో కొలత టేపు ఆగింది. తల ఎత్తకుండానే, ఆ రోజు నిలబడి ఉంటావా కూర్చునా అని అడిగాడు. ట్రక్కులోనే వెళ్తాడట, తర్వాత దిగాల్సిరావచ్చట. ఎంతసేపు పని అంటే, ఎంతోసేపు పట్టదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు డోయిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అతను కొలతల కోసం తుపాకీని దుకాణంలోనే వదిలి వెళ్ళాక వెల్డన్ స్టూలు మీద కూలబడ్డాడు. జూన్ నెలలో టెక్సస్‌లో కోటు ఎవడు వేసుకుంటాడు? చావుకి వెళ్ళేవాడు, పెళ్ళికి వెళ్ళేవాడు. శనివారం ఊళ్ళో చావులేమీ లేవు. పెళ్ళి ఒకటే ఉంది, డోయిల్‌ను దానికి ఎవరూ పిలవలేదు. కోటు బొత్తాం, చుట్టూ జనం, ఎంతోసేపు పట్టని పని. తోలు మీద గీత గీసినంత స్పష్టంగా కనపడింది వెల్డన్‌కు. వాడు లానీని చంపుతాడు. లేదా తన కూతుర్ని చంపుతాడు. ఇద్దర్నీ చంపినా చంపుతాడు.

ఊరి పోలీసు, డెప్యూటీ షెరిఫ్ ఆరెడోండోకి ఫోన్ చేశాడు. మనిషి మంచివాడే, అంతా విన్నాడు. డోయిల్‌కు లైసెన్సుంది, ఒర కొనుక్కోవడం నేరం కాదు, కోటు వేసుకోవడం అసలే కాదు, ఎవరినన్నా బెదిరించాడా అని అడిగాడు. లేదన్నాడు వెల్డన్. అయితే పెళ్ళికి నేనూ వస్తున్నాగా, ఓ కన్నేసి ఉంచుతాలే అన్నాడు డెప్యూటీ.

ఆ మర్నాడే ట్వైలా వచ్చింది. పెళ్ళికి వేసుకునే బూట్ల పట్టీ వదులైందట. తోలుకొచ్చినవాడు లానీ. ట్రక్కు ఇంజను ఆపకుండా బయటే కూర్చున్నాడు. ట్వైలా మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. దుకాణంలో ఫ్యాను ముందు నిలబడ్డా చెమటలు కారుతున్నాయి.

"పెళ్ళికూతురు నల్లబడకూడదని జాగ్రత్తా?" అని వెల్డన్ వెక్కిరించాడు.

"ఎండ కదా నాన్నా" అంది. ఎంతసేపూ కిటికీలోంచి ట్రక్కు వైపే చూసింది. వెల్డన్ పట్టీకి కొత్త కన్నం కొడుతుంటే, ఉన్నట్టుండి అడిగింది. "నాన్నా, పెళ్ళి కొన్నాళ్ళు ఆపితే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? మాంసం కాల్చేవాడు పొయ్యి వెలిగించేశాడు. ఊరందరికీ బ్రిస్కెట్ తినాలని నోరూరుతోంది. పెళ్ళి ఆపితే నిన్నూ నన్నూ కాల్చుకు తింటారు."

ట్వైలా నవ్వలేదు. వెల్డన్‌కు అది పెళ్ళికి ముందు అందరికీ ఉండే గుబులే అనిపించింది. డోయిల్ సంగతి చెబుదామని నోటి దాకా వచ్చింది. పెళ్ళికూతుర్ని భయపెట్టడమెందుకని మింగేశాడు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. ఆయన పెద్దరికం అడ్డొచ్చింది. బయట హారన్ మోగింది, ఒకేసారి, పొట్టిగా. ట్వైలా బూట్లు ఇంకా పూర్తికాకుండానే తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకుంది.

వెల్డన్ ఆమెను లోపలే ఉండమని, తను ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సినవాడికి చెప్పాడు. డోయిల్ శనివారం కోటు కింద తండ్రి రివాల్వర్ పెట్టుకుని వస్తాడని, ఎడమ చంకలో ఉంటుందని, జాగ్రత్తగా ఉండమని. లానీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"చెప్పి మంచి పని చేశారు సర్. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. నేను చూసుకుంటాను సర్."

ఎంత కుదురైన మనిషి అనుకున్నాడు వెల్డన్. తుపాకీ మాట వింటే ఎవడికైనా రంగు మారుతుంది. ఇతనికి మారలేదు సరికదా, ఏదో బరువు దిగినట్టు తేలికపడ్డాడు. అది కూడా చూశాడు వెల్డన్. చూసి మెచ్చుకున్నాడు.

ఇక ఒర సంగతి. చెయ్యనని చెప్పొచ్చు. చెబితే డోయిల్ పట్నం వెళ్ళి గుడ్డ ఒర ఏదో కొనుక్కుంటాడు, అందులోంచి తుపాకీ వెన్నలోంచి కత్తిలా వచ్చేస్తుంది. అంతకంటే ఒర తన చేతిలోనే ఉండటం మేలు.

తోలు ఒర చేసే పద్ధతి ఒకటుంది. కుట్టడం అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో తడిపి, మెత్తబడ్డ తోల్లోకి తుపాకీని దించి, ఎముక పుల్లతో నొక్కి నొక్కి దాని ఒంపులన్నీ తోలు మీద తేల్చాలి. తర్వాత తుపాకీ తీసేసి నీడలో ఆరబెట్టాలి. ఆరిన ఒర కొత్తలో బిగుతుగా ఉంటుంది కాబట్టి తుపాకీని పల్చటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి మళ్ళీ దించి, అటూ ఇటూ తిప్పి వదులు చేయాలి. ఆఖర్న కొన్నవాడు దుకాణంలోనే పదేపదే దూసి చూపించాలి. ఒర చేతికి లొంగిందని నమ్మకం కలిగేదాకా వెల్డన్ ఎవర్నీ గడప దాటనివ్వడు. అతని పేరు నిలబడింది ఆ ఆచారం మీదే.

ఈసారి వెల్డన్ నీళ్ళు మరిగించాడు. వేడినీళ్ళు తగిలితే తోలు ముడుచుకుంటుంది, ఆరితే చెక్కలా గట్టిపడుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు మొదట నేర్చుకునే జాగ్రత్త అది. ఆ జాగ్రత్తనే తిరగేశాడు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియం దగ్గరా, చక్రం వెనకా ఎముక పుల్లతో లోతుగా నొక్కాడు. కిందా పైనా అదనంగా ఒక వరస కుట్టు వేశాడు. అంత అందమైన ఒర ఈమధ్య చేయలేదని తోచింది, ఆ తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

డోయిల్ తీసుకోవడానికి వచ్చేసరికి ఒర ఇంకా తడిగానే ఉంది. వెల్డన్ తడికి తుప్పు పట్టకుండా తుపాకీకి మైనం రాసి అతని చేతిలో పెట్టాడు. డోయిల్ అయిదు తూటాలు నింపి, పొరపాటున పేలకుండా సుత్తి కిందికి వచ్చే గది ఖాళీగా వదిలాడు. అది అతని తండ్రి అలవాటు, పాతకాలం రివాల్వర్ వాడే ప్రతివాడి అలవాటు. ఒరలోకి దించితే మెత్తగా, చప్పుడు లేకుండా దిగింది.

"కాస్త చెమ్మగా ఉందేమండీ?"

"ఉండాలి. తుపాకీ లోపలే ఉంచి ఎండలో పెట్టు, ట్రక్కు అద్దం దగ్గరైతే మరీ మంచిది. శనివారం దాకా బయటికి తియ్యకు. తీస్తే ఆకారం చెడిపోతుంది. తోలు నీ తుపాకీని నేర్చుకోవాలి."

జీవితంలో మొదటిసారి తన పని గురించి అబద్ధం చెప్పాడు వెల్డన్. డోయిల్ తలూపాడు. ఎప్పుడూ కొన్నవాళ్ళ చేత దూయించేవారు కదా అని కూడా అడగలేదు. మీరు చెప్పారంటే చాలన్నాడు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"నేను మీకు నచ్చనని తెలుసండీ. శనివారం తర్వాత మీ అభిప్రాయం మారుతుందేమో."

ఆ మాట బెదిరింపులాగే వినపడింది వెల్డన్‌కు. పచ్చ కామెర్లవాడికి లోకమంతా పచ్చనే.

శనివారం పొద్దున్నే లానీ రాంచి ముంగిట్లో ట్రక్కులు బారులు తీరాయి. జనమంతా కోట్లలో ఉడికిపోతూ నిమ్మరసం గ్లాసులు నుదుటికి ఆనించుకుంటున్నారు. మెస్కీట్ కట్టెల పొగ. డెప్యూటీ ఆరెడోండో యూనిఫారంలోనే వచ్చి మాంసం పొయ్యి దగ్గర తచ్చాడుతున్నాడు. లానీ వరండాలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చేతులు కలుపుతున్నాడు, కళ్ళు మాత్రం రోడ్డు మీద ఉన్నాయి. వెల్డన్ అలవాటు కొద్దీ చూశాడు. లానీ కుడి తుంటి దగ్గర కోటు కొంచెం ఎత్తుగా ఉంది. మంచిదే, సిద్ధంగా ఉన్నాడనుకున్నాడు.

కూతుర్ని తీసుకురావడానికి లోపలి గదికి వెళ్ళాడు. ట్వైలా మణికట్టు దాకా చేతులున్న తెల్ల లేసు గౌనులో, కిటికీ పక్కన నిలబడి ఉంది. మంచం కింద చిన్న సంచి ఉంది. బూట్లు పెళ్ళివి కావు, పొలంలో తిరిగేవి.

"పదమ్మా, టైమైంది" అని వెల్డన్ ఆమె చెయ్యి మోచేతి పైన పట్టుకున్నాడు. ట్వైలా పెదవి కొరుక్కుని ముడుచుకుపోయింది. గట్టిగా పట్టుకోలేదే అనుకున్నాడు. మళ్ళీ, ఈసారి వేలి కొసతో లేసు మీద తాకాడు. మళ్ళీ ముడుచుకుంది. జూన్ నెల, పొడుగు చేతులు, ఆపని ఇంజను, పొట్టి హారన్, అన్నీ వెల్డన్ బుర్రలో వరసగా వచ్చి కూర్చున్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వచ్చిన నెలనుంచే. తాళాలన్నీ వాడి దగ్గరే ఉంటాయి. నన్ను తీసుకెళ్ళడానికి ఎవడొచ్చినా కాల్చేస్తానన్నాడు. కంచె అవతల గాలిమర బాగుచేయడానికొచ్చిన డోయిల్‌కి చెప్పుకున్నాను. అందుకే ఇవాళ పెట్టుకున్నాం. ఇంతమందిలో ఒక కోటు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? డోయిల్ వస్తున్నాడు నాన్నా. నేను వెనక గుమ్మంలోంచి వెళ్ళి ట్రక్కు ఎక్కేస్తాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నమ్మేవాడివా? వాడు 'సర్' అంటే నీకు చెవులు మూసుకుపోతాయి. ఆపుదామా అని అడిగితే బ్రిస్కెట్ గురించి చెప్పావు." ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. "డోయిల్ తుపాకీ తియ్యడు. లానీ తీస్తేనే తీస్తాడు. నాకు భయంగా ఉందంటే నవ్వాడు. ఒర మీ నాన్న చేతి పని, అవసరమైతే చేతిలోకి అదే వస్తుందిలే అన్నాడు."

వెల్డన్ అప్పటికే తలుపు దాటాడు. అరవై ఏళ్ళు దాటిన కాళ్ళు, పెళ్ళికి కొన్న కొత్త బూట్లు. హాల్లో ఎవరో శుభాకాంక్షలు చెప్పబోయారు, తోసుకుని వెళ్ళాడు. వరండాలోకి వచ్చేసరికి డోయిల్ ట్రక్కు ముంగిట్లో ఆగి ఉంది. డోయిల్ గోధుమరంగు కోటులో దిగి తలుపు పక్కన నిలబడ్డాడు. లానీ మెట్లు దిగి అతని వైపు నడుస్తున్నాడు, తొందర లేకుండా, చుట్టానికి ఎదురెళ్తున్నవాడిలా. నడుస్తూనే కోటు వెనక్కి తోశాడు.

"డోయిల్, తియ్యకు, పరిగెత్తు" అని వెల్డన్ అరిచాడు. అరుపు డోయిల్‌కు వినపడిందో లేదో తెలియదు. లానీ చెయ్యి తుంటి మీదికి వెళ్ళడం అతను చూశాడు. కుడిచెయ్యి కోటులోకి దూర్చాడు. లాగాడు. భుజం పట్టీ మొత్తం ఛాతీ మీదికి లేచింది గానీ తుపాకీ రాలేదు. ఇంకోసారి లాగాడు. అప్పుడతని మొహంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది. తల తిప్పి, మెట్ల మీదున్న వెల్డన్‌ను చూశాడు. లానీ రెండుసార్లు కాల్చాడు.

ఆ తర్వాత కాసేపు అరుపులు, పరుగులు. డెప్యూటీ లానీ చేతిలోంచి పిస్తోలు తీసుకుని మెట్ల మీద కూర్చోబెట్టాడు. లానీ పేచీ పెట్టలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. డోయిల్ ట్రక్కు చక్రం పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు, చెయ్యి ఇంకా కోటులోనే ఉంది. అతనికి ఇక డాక్టరు అక్కర్లేదు.

డెప్యూటీ వంగి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. తూటాలున్న తుపాకీని అలా వదలకూడదని పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. మోకాలు ఆనించి, పళ్ళు బిగబట్టి లాగాడు. తల ఎత్తి చూశాడు.

"వెల్డన్‌గారూ, ఇది మీ పనేగా? ఎలా వస్తుంది ఇది?"

"వాడి చెయ్యి తుపాకీ మీదుంది, అందరూ చూశారు" అన్నాడు లానీ మెట్ల మీద నుంచి. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నన్ను చంపడానికే వచ్చాడు. వస్తాడని ముందే చెప్పింది ఆయనే, అడగండి. అవునా సర్?"

అందరూ వెల్డన్ వైపు తిరిగారు. గుమ్మంలో ట్వైలా నిలబడి ఉంది, చేతిలో సంచితో.

"నీళ్ళు కావాలి" అన్నాడు వెల్డన్.

ట్వైలా సంచి కింద పెట్టి, పెళ్ళి బల్ల మీదున్న నీళ్ళ కూజా తెచ్చి ఇచ్చింది. వెల్డన్ డోయిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒరను భుజం పట్టీ నుంచి విప్పి, దాని మీద కొంచెం కొంచెంగా పోశాడు. తోలు నల్లబడి, నెమ్మదిగా మెత్తబడింది. పిడి పట్టుకుని పక్కకు తిప్పాడు. కాసేపటికి తుపాకీ వదిలింది. చక్రం తిప్పుతూ అయిదు తూటాలూ ఒక్కొక్కటే తీసి డెప్యూటీ అరచేతిలో పోశాడు.

"నీళ్ళు పోస్తేనే వస్తుందని డోయిల్‌కి తెలుసా?" అని ట్వైలా అడిగింది.

"తెలియదు."

"నీకు?"

"నాకు తెలుసు" అన్నాడు వెల్డన్. ఆ తర్వాత డెప్యూటీ వైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పాడు. "అది బయటికి రాకూడదనే తడిగా ఇచ్చాను. ఏం చేసినా వచ్చేది కాదు. లానీకి ముందే చెప్పింది కూడా నేనే. రాసుకోండి."

ట్వైలా తండ్రి వైపు ఇంకోసారి చూడలేదు. మణికట్టు దగ్గర బొత్తాలు ఒక్కొక్కటీ విప్పింది. లేసు చేతులు మోచేతుల పైదాకా మడిచింది. రెండు చేతులూ డెప్యూటీ ముందు చాపింది. పాతవి పసుపుపచ్చగా, కొత్తవి నల్లగా, వేళ్ళ అచ్చులు వరసగా ఉన్నాయి.

"ఇవి కూడా రాసుకోండి" అంది.

వెల్డన్ కింద కూర్చునే చూశాడు. చేతిలో ఖాళీ ఒర నీళ్ళు కారుతోంది.